స్ప్లింటర్ సెల్: హీరో ఒకడే, చీకటే మారింది

ప్రశ్న: స్ప్లింటర్ సెల్ బ్లాక్‌లిస్ట్ పూర్తిచేశాను. బాగా నచ్చింది. ఆ ఊపులో సిరీస్‌లోని మొట్టమొదటి గేమ్ పెట్టాను. నడక నెమ్మది, తుపాకీ గురి ఒక పట్టాన కుదరదు, మూడు అలారాలు మోగితే మిషన్ పోతోంది. ఇదీ అదీ ఒకే సిరీసా? అన్నీ వరుసగా ఆడాలా, కొన్ని వదిలేయొచ్చా?

జవాబు: మీకు అలా అనిపించడంలో వింతేమీ లేదు. చీకట్లో నక్కుతూ గార్డుల కళ్లుగప్పి ఆడే ఈ సిరీస్‌లో మొదటి గేమ్ 2002లో వచ్చింది, బ్లాక్‌లిస్ట్ 2013లో. హీరో గూఢచారి సామ్ ఫిషరే, కళ్లకు ఆ మూడు ఆకుపచ్చ లైట్ల గాగుల్సే. మారిందల్లా చీకటి. మీరు గార్డులకు ఎంత కనిపిస్తున్నారో ఒక్కో గేమ్ ఒక్కో రకంగా చెబుతుంది. అది గమనిస్తే సిరీస్ ఎటు నుంచి ఎటు పోయిందో ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి గేమ్‌లో స్క్రీన్ మూలన సన్నటి లైట్ మీటర్ ఉంటుంది. దాని మీది గుర్తు మెల్లగా చీకటి వైపు నుంచి వెలుతురు వైపు జరుగుతుంటుంది. పూర్తి చీకటికీ పూర్తి వెలుతురుకీ మధ్య ఎన్నో మెట్లున్నాయన్నమాట. సగం నీడలో ఉన్న మిమ్మల్ని దూరంగా ఉన్న గార్డు గమనించకపోవచ్చు, దగ్గరికొస్తే మాత్రం పట్టేస్తాడు. బల్బు పగలగొడితే గదిలో నిజంగానే చీకటి పెరుగుతుంది. అప్పట్లో ఇది మామూలు విషయం కాదు. గురి కుదరకపోవడం కూడా లోపం కాదు, కావాలని పెట్టిందే. పరిగెత్తి వచ్చి తుపాకీ తీస్తే పని కాదు, క్షణం సేపు కదలకుండా నిలబడాలి. కాల్చడం ఆఖరి దారి అని గేమ్ మీ చేతికి అలవాటు చేస్తుంది. పీసీలో అయితే మౌస్ చక్రం తిప్పి నడక వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇది తెలియక చాలామంది ఒకే వేగంతో నడిచి దొరికిపోతుంటారు. మీరూ ఒకసారి ప్రయత్నించండి. ఇప్పటికీ ఇంత చక్కటి ఏర్పాటు తక్కువ గేముల్లో కనిపిస్తుంది.

రెండోది పండోరా టుమారో, 2004. కథలో కొత్తదనం తక్కువే. విజిల్ వేసి గార్డును దగ్గరికి రప్పించడం లాంటి చిన్న చిన్న హంగులు చేరాయి. దీని అసలు బలం మల్టీప్లేయర్. ఇద్దరు గూఢచారులు, ఇద్దరు కాపలా సైనికులు. గూఢచారులకు తమ పాత్ర వెనక నుంచి కనిపిస్తుంది కాబట్టి చుట్టుపక్కలంతా చూడగలరు. సైనికులకు తమ కళ్లెదురుగా ఉన్నదే కనిపిస్తుంది, బదులుగా చేతిలో పెద్ద తుపాకీ. ఒకే మ్యాచ్‌లో రెండు వేర్వేరు గేములు ఆడించడం గొప్ప ఆలోచన.

ఇక 2005 నాటి కేయాస్ థియరీ. నా దృష్టిలో సిరీస్‌కు ఇదే శిఖరం. లైట్ మీటర్ పక్కనే సౌండ్ మీటర్ చేరింది. దాని మీద చిన్న గీత ఆ చోట మామూలుగా ఉండే శబ్దం ఎంతో చూపిస్తుంది. మీ చప్పుడు ఆ గీత దాటితేనే గార్డుకు వినపడుతుంది. జనరేటర్ మోగుతున్న గదిలో గబగబా నడిచినా ఫర్వాలేదు. తలుపు దాటి నిశ్శబ్దంగా ఉన్న వరండాలోకి వచ్చారంటే గీత కిందకు జారిపోతుంది, అదే నడక మీ కొంప ముంచుతుంది. గేమ్ ఆడుతున్నంతసేపూ చెవులు రిక్కించుకునే ఉంటాం. పిస్టల్‌కు అమర్చిన పరికరంతో లైటును పగలగొట్టకుండానే కొన్ని సెకన్లు ఆర్పొచ్చు. అలారం మోగినంత మాత్రాన మిషన్ పోదు, ఆ తర్వాత గార్డులు ఇంకా అప్రమత్తంగా ఉంటారు. అంటే తప్పు చేసినా ఆట సాగుతుంది, కానీ ఆ తప్పు బరువు మీ మీదే ఉంటుంది. మొదటి గేమ్‌లో మిమ్మల్ని విసిగించిన విషయానికి సరైన జవాబు ఇదే.

2006లో వచ్చిన డబుల్ ఏజెంట్ దగ్గర జాగ్రత్త. ఒకే పేరుతో రెండు వేర్వేరు గేములున్నాయి. ఎక్స్‌బాక్స్ 360, పీసీల కోసం ఈ సిరీస్ తెచ్చే యూబీసాఫ్ట్ కంపెనీ షాంఘై స్టూడియో ఒకటి చేసింది. పాత ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ 2 కోసం మాంట్రియల్ స్టూడియో ఇంకొకటి చేసింది. లెవెల్సే వేరు. సామ్ ఉగ్రవాద ముఠాలో దొంగసభ్యుడిగా చేరి ఇటు తాను పనిచేసే గూఢచార సంస్థ నమ్మకాన్నీ, అటు ముఠా నమ్మకాన్నీ కాపాడుకోవడం మంచి కథ. కానీ పీసీలో మీటర్ పోయి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైట్లు మిగిలాయి. సగం నీడలోని ఆ మెలకువంతా అక్కడే పలచబడింది.

కన్విక్షన్ (2010) వచ్చేసరికి అదీ పోయింది. మీరు దాక్కుంటే స్క్రీన్ నలుపు తెలుపుల్లోకి మారుతుంది, బయటపడితే రంగులు వస్తాయి. ఉంటే చీకటి, లేకపోతే వెలుతురు. శవాలను మోసుకెళ్లి దాచే పని కూడా లేదు. చేత్తో ఒకణ్ని పడగొడితే, ముందే గుర్తుపెట్టిన మిగతావాళ్లను ఒక్క బటన్‌తో కాల్చేయొచ్చు. చివరిసారి మీరు కనిపించిన చోట తెల్లటి ఆకారం మిగలడం, గార్డులు దాని మీదే కాల్పులు జరుపుతుంటే మీరు పక్క నుంచి చుట్టి రావడం మాత్రం అద్భుతం. యాక్షన్ గేమ్‌గా నాకు ఇష్టమే. నక్కి నక్కి ఆడే ఆటగా చూస్తే సిరీస్ ఇక్కడ చాలా పోగొట్టుకుంది.

మీకు నచ్చిన బ్లాక్‌లిస్ట్ ఈ రెండింటినీ కలపాలని చూసింది. ఎవరి కంటా పడకుండా ఆడితే ఘోస్ట్, చాటుగా చంపితే పాంథర్, ఎదురుపడి కాల్చితే అసాల్ట్ అని విడివిడిగా పాయింట్లు ఇస్తుంది. దాక్కున్నారో లేదో మాత్రం ఇక్కడ సామ్ ఒంటి మీది లైటే చెబుతుంది. సామ్ గొంతు కూడా మారింది. అంతకుముందు అతనికి గొంతునిచ్చిన మైఖేల్ ఐరన్‌సైడ్ స్థానంలో ఎరిక్ జాన్సన్ వచ్చాడు. ఐరన్‌సైడ్ గొంతులోని ఆ అలసట, ఆ కరకుదనం విన్నాక బ్లాక్‌లిస్ట్‌లోని సామ్ మీకు వేరే మనిషిలా అనిపించవచ్చు.

కాబట్టి వరుస పట్టుకోవద్దు. ముందు బ్లాక్‌లిస్ట్‌నే పర్ఫెక్షనిస్ట్ మోడ్‌లో మళ్లీ ఆడండి. ఒక్క బటన్‌తో కాల్చేసే సౌకర్యం అందులో ఉండదు, ఓపిక దానంతటదే వస్తుంది. ఆ తర్వాత కేయాస్ థియరీ. అది చేతికి పట్టుబడ్డాక మొదటి గేమ్‌కు వెళ్తే ఇప్పుడున్నంత కష్టం అనిపించదు. కన్విక్షన్ చిన్నదే, ఖాళీ ఉన్నప్పుడు ఆడేయొచ్చు. పండోరా టుమారో, డబుల్ ఏజెంట్ చివరికి.

ప్రశ్న: నా కొత్త పీసీలో పండోరా టుమారో ఆడుతుంటే కొన్ని లైట్లు, నీడలు అసలు కనిపించడం లేదు. గ్రాఫిక్స్ కార్డు పాడైందా?

జవాబు: కార్డు బాగానే ఉంది, టెన్షన్ పడొద్దు. ఆ గేమ్ నీడలు గీయడానికి ఆనాటి కార్డుల్లో ఉన్న ఒక పద్ధతిని వాడుకుంది. ఇప్పటి కార్డుల్లో అది లేదు. నీడే ప్రాణమైన గేమ్‌లో ఇది చిన్న ఇబ్బంది కాదు. మీద పడుతున్న లైటు మీకు కనిపించదు, గార్డుకు మాత్రం మీరు కనిపిస్తారు. డీజీవూడూ 2 అనే ఉచిత ప్రోగ్రామ్ ఫైళ్లను గేమ్ ఉన్న ఫోల్డర్‌లో పెడితే ఆ పాత పద్ధతి మళ్లీ పనిచేస్తుంది. మొదటి గేమ్‌కు కూడా ఇదే మందు. ఇప్పటి ఎక్స్‌బాక్స్ మీ దగ్గరుంటే ఇంకా సుఖం, మొదటి మూడు గేములూ దాని మీద ఆడొచ్చు.

ప్రశ్న: మొదటి గేమ్‌కు రీమేక్ వస్తోందట కదా, దాని కోసం ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. యూబీసాఫ్ట్ 2021 డిసెంబర్‌లోనే దాన్ని ప్రకటించింది, టొరంటో స్టూడియోకు ఆ పని అప్పగించింది. అది వచ్చినప్పుడు చూద్దాం. పాత గేమ్ ఆడి ఉంటే, ఆ లైట్ మీటర్‌ను ఉంచారా తీసేశారా అన్నది మీరే ముందు గమనిస్తారు.