సాంక్షన్ అంటే మంజూరా, ఆంక్షా?

తమ్ముడూ, హన్మకొండ లైబ్రరీలో ఇంగ్లీష్ పేపర్ చదువుతుంటే జిల్లా పేజీలో ‘సాంక్షన్’ రోడ్డుకు డబ్బులు ఇచ్చినట్టు, విదేశీ వార్తల్లో ఒక దేశాన్ని శిక్షించినట్టు కనిపించిందని రాశావు. నువ్వు సరిగ్గానే చదివావు, రెండు అర్థాలూ ఉన్నాయి.

మూలం లాటిన్. చట్టంగా ఖాయం చేయడమని అర్థం. చట్టం ఇచ్చే అనుమతికీ, చట్టం మీరితే పడే శిక్షకూ ఇదే మాట నిలిచిపోయింది. 1935లో ఇథియోపియా మీద దాడి చేసిన ఇటలీపై నానాజాతి సమితి పెట్టినవి ఈ రెండో రకం.

పక్కన ఏముందో చూడు. నిధులు, పోస్టులు, లోన్, సెలవు ఉంటే మంజూరు. దేశమో కంపెనీయో ఉంటే ఆంక్ష. హెడ్డింగులో చివర ‘ఎస్’ కనిపించగానే ఆంక్షలు అనుకోకు, అది క్రియ కూడా కావచ్చు. ‘ఇంపోజ్’, ‘లిఫ్ట్’ లాంటి మాటలు తోడుంటే మాత్రం ఆంక్షలే.

మా క్లాసులో పిల్లలు ఎక్కువగా పొరబడేది ఏసీబీ కేసుల వార్తల్లో. అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఉద్యోగిపై కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం లేదా సంబంధిత అధికారి అనుమతి కావాలి. అదే ప్రాసిక్యూషన్ సాంక్షన్. అక్కడ ఇంకా ఎవరికీ శిక్ష పడలేదు, దయచేసి అలా అనువదించకు.

‘సాంక్షన్డ్ స్ట్రెంత్’ అంటే మంజూరైన పోస్టుల సంఖ్య. పనిలో ఉన్నవాళ్ల లెక్క వేరు.