సూది ఎత్తే ముందు మేకపిల్లను తూచండి

పశువైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు సెలీనియం అనే ఖనిజం చుట్టూనే తిరుగుతున్నాయి. అందుకే నట్టల మందు గురించి అడిగినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: నమస్తే డాక్టరు గారూ. మాది అనంతపురం జిల్లా. రెండేళ్ల కిందట ఉద్యోగం మానేసి నలభై మేకలతో షెడ్డు వేశాను. బయటికి తోలను, మేతంతా కొట్టంలోనే. వేరుశనగ కట్టె, తవుడు, కొంచెం మొక్కజొన్న పెడతాను. ఈ ఈతలో మూడు పిల్లలకు వెనక కాళ్లు బిగుసుకుపోయాయి, లేవలేకపోయాయి, ఒకటి చచ్చిపోయింది. యూట్యూబ్‌లో చూస్తే అమెరికావాళ్లు పిల్ల పుట్టగానే సెలీనియం సూది వేసేస్తున్నారు. ఇక్కడ మందుల షాపులో అడిగితే విటమిన్ ఇ, సెలీనియం కలిసిన సీసా ఇచ్చి పిల్లకు 2 మి.లీ. వెయ్యమన్నారు. సీసా మీద మి.లీ.కి 1.5 మి.గ్రా. సెలీనియం అని ఉంది. పిల్లలు 3 కిలోల దాకా ఉంటాయి. వెయ్యనా?

జవాబు: ఆ లెక్కన వద్దు బాబూ. ఇది చదివేలోపే వేసి ఉంటారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

లెక్క మీరే చూడండి. గొర్రెలకు, మేకలకు సూదిగా వేసేటప్పుడు మామూలుగా లెక్కలోకి తీసుకునేది కిలో బరువుకు 0.055 మి.గ్రా. సెలీనియం. మీ 3 కిలోల పిల్లకు అది 0.165 మి.గ్రా. అవుతుంది, అంటే మీ సీసాలోంచి 0.11 మి.లీ., సిరంజి అడుగున ఒక చుక్క. షాపులో చెప్పిన 2 మి.లీ.లో 3 మి.గ్రా. ఉంటుంది. అంటే పద్దెనిమిది రెట్లు! విటమిన్ సూదే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుందిలే అనుకునే మందు కాదిది. ఇంత మోతాదు పడితే పిల్ల గంటల్లోనే ఆయాసపడి, నోట నురగ కక్కి పోవచ్చు, దానికి విరుగుడు మందు కూడా లేదు. షాపులో ఉన్నవాళ్లు పెద్ద పశువుల లెక్క మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు. వాళ్లను తిట్టడం కాదు గానీ, మోతాదు చెప్పాల్సింది మందు అమ్మేవాళ్లు కాదు.

2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫ్లోరిడాలో పోలో ఆట కోసం తెచ్చిన 21 గుర్రాలు ఒక్క రోజు వ్యవధిలో కూలిపోయాయి. ఆటకు ముందు బలానికని వేసిన సూదిలో, కలిపేటప్పుడు జరిగిన పొరపాటు వల్ల, సెలీనియం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ పడింది. లక్షల డాలర్ల గుర్రాలు, పక్కనే పశువైద్యులు, అయినా ఒక్కదాన్నీ కాపాడలేకపోయారు. మన షెడ్డులో మేకపిల్లకు ఆపాటి వైద్యం కూడా అందదు.

మరి అమెరికావాళ్లు ఎందుకు వేస్తున్నారంటారా, వాళ్ల నేల అలాంటిది. ఆరెగాన్, వాషింగ్టన్, మిషిగన్ లాంటి చోట్ల మట్టిలో సెలీనియం తక్కువ, కాబట్టి గడ్డిలో తక్కువ, కాబట్టి మేకలో తక్కువ. గొర్రెపిల్లల్లో, దూడల్లో కండరాలు తెల్లబడే జబ్బుకి ఈ లోటే కారణమని 1950ల చివర్లో ఆరెగాన్‌లోనే తేలింది. అదే అమెరికాలో దక్షిణ డకోటా వైపు వెళ్తే సెలీనియం ఎక్కువై పశువుల గిట్టలు ఊడిన చరిత్ర ఉంది. అంతదూరం ఎందుకు, మన పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని ఊళ్లలో ఇదే గోల, మేతలో సెలీనియం ఎక్కువై పశువులకు వెంట్రుకలు రాలడం, గిట్టలు పగలడం, కొమ్ములు ఊడడం. అంటే ఒక ఊరి మందు ఇంకో ఊరికి విషం. వీడియో తీసినవాళ్లు వాళ్ల మట్టికి సరిపోయేది చెప్పారు, అది మీ అనంతపురం మట్టికి సరిపోతుందని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీ పిల్లలకు సెలీనియం లోటే అని ఎవరు తేల్చారు? కాళ్లు బిగుసుకున్న ప్రతి పిల్లా దీనికిందికి రాదు. ధనుర్వాతం అయితే చెవులు, తోక కూడా బిర్రబిగుస్తాయి, దవడ తెరుచుకోదు, తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. బొడ్డు దగ్గర చీము పట్టి కీళ్లకు పాకితే కీళ్లు వాచి, ముట్టుకుంటే వేడిగా తగులుతాయి, జ్వరం ఉంటుంది. రాగి లోటు ఉన్న పిల్లలు వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ తూలుతాయి. సెలీనియం, విటమిన్ ఇ లోటులో పిల్ల ముఖం కళగానే ఉంటుంది, పాలు పట్టిస్తే తాగుతుంది, కానీ లేచి నిలబడలేదు, నిలబెడితే వణుకుతుంది, తొడ కండరం గట్టిగా తగులుతుంది. ఒక్కోసారి బాగా గెంతి ఆడిన పిల్ల ఉన్నట్టుండి పడి చచ్చిపోతుంది, అప్పుడు దెబ్బ తిన్నది గుండె కండరం.

నా సంగతి కూడా చెబుతాను. సర్వీసులో చేరిన కొత్తలో ఒక మందలో కుంటుతున్న పిల్లలన్నిటికీ ఇదేనని తేల్చేసి సూదులు వేశాను. రెండు రోజుల తర్వాత మందల పెద్దాయన ఒక పిల్ల మోకాలు పట్టుకుని, "సార్, ఇక్కడ కాలిపోతాంది సూడండి" అన్నాడు. కీళ్ల జబ్బు. ఆ రెండు రోజులూ యాంటీబయాటిక్ పడాల్సిన రోజులు.

అందుకని మళ్లీ పిల్ల చనిపోతే పాతిపెట్టకండి, పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి పోస్టుమార్టం చేయించండి. ఈ జబ్బయితే తొడ కండరాల్లో, గుండె మీద తెల్లటి చారలు ఉంటాయి, మాంసం ఉడికించిన చేప ముక్కలా పాలిపోయి కనిపిస్తుంది. బతికున్నవాటి రక్తం తీసి పరీక్షకు పంపమని కూడా అడగండి. కదల్లేని పిల్ల ఉంటే 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం మీ షెడ్డుకే వస్తుంది. డాక్టరు చూసి లోటే అని తేలిస్తే సూది వాళ్లే వేస్తారు, బరువు తూచి, సన్న సిరంజితో.

మీ ఉత్తరంలో నా కళ్లకు ముందు పడింది సెలీనియం కాదు, మేత. పచ్చిమేత అన్న మాటే లేదు. విటమిన్ ఇ, సెలీనియం ఒకదానికొకటి ఆసరాగా పనిచేస్తాయి, కండరాలు పాడవకుండా రెండూ కాపలా కాస్తాయి. విటమిన్ ఇ పచ్చిమేతలో దండిగా ఉంటుంది. ఎండేకొద్దీ, నిలవ ఉండేకొద్దీ పోతుంది. ముక్కవాసన వచ్చే పాత తవుడు అయితే ఉన్న విటమిన్ ఇ ని కూడా పాడు చేస్తుంది. కాబట్టి ఆ తవుడు మూటలు విప్పి వాసన చూడండి. అవిశ, దశరథ గడ్డి, లూసర్న్ ఏదో ఒకటి రోజూ పడేలా చూడండి. సుబాబుల్ కూడా వెయ్యొచ్చు, మేతలో మూడో వంతు దాటించకండి. చూడి మేకలకు ఆఖరి రెండు నెలలు పచ్చిమేత తప్పకూడదు, పిల్ల ఒంట్లోకి వెళ్లేది తల్లి తిన్నదే.

ప్రశ్న: సార్, సూది భయం అయితే దాణాలో కలపొచ్చా? ఆన్‌లైన్‌లో సోడియం సెలినైట్ పొడి దొరుకుతోంది, చవక కూడా. 30 మేకలకు ఎంత కలపాలి? (నల్గొండ జిల్లా నుంచి)

జవాబు: ఆ పొడి కొనకండి. కొని ఉంటే దాణా గదిలో ఉంచకండి. 30 కిలోల మేక రోజుకు తినే మేత ఎండు లెక్కన కిలో దాకా ఉంటుంది, అందులో దానికి కావాల్సిన సెలీనియం 0.1 నుంచి 0.3 మి.గ్రా. ఆ పొడి ఒక్క గ్రాములో దాదాపు 450 మి.గ్రా. సెలీనియం ఉంటుంది, అంటే 1500 మేకలకు ఒక రోజు సరిపోయేది. తట్టలో పారతో కలిపితే ఒక మేక నోటికి ఏమీ రాదు, ఇంకో మేక నోటికి వంద మేకలది వస్తుంది. మిల్లుల్లో దీన్ని మెట్లు మెట్లుగా పలచన చేసి కలపడానికి ప్రత్యేకమైన మిక్సర్లు ఉంటాయి, అది మన చేతి పని కాదు.

మీకు కావాల్సింది మంచి మినరల్ మిక్చర్. సంచీ వెనక చూడండి, కొన్నిటిలో సెలీనియం ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. కిలోకు 10 మి.గ్రా. అని రాసి ఉంటే, రోజూ మేకకు 10 గ్రాములు పెడితే 0.1 మి.గ్రా. వెళ్లినట్టు. మిగతాది మేతలో వస్తుంది. ఇంకోటి, చాలామంది చేసే పొరపాటు: మిక్చర్‌లో సెలీనియం, కట్టిన నాకుడు ఇటుకలో సెలీనియం, నెలకోసారి తాగించే టానిక్‌లో సెలీనియం, పైన సూది. విడివిడిగా అన్నీ సరైన మోతాదే, కలిపితే కాదు. ఏదో ఒక్క దారిలోనే ఇవ్వండి.

ప్రశ్న: డాక్టరు గారూ, మాది మిషిగన్. అయిదెకరాలు కొనుక్కుని ఆరు మేకలు పెంచుతున్నాం. ఇక్కడివాళ్లంతా సెలీనియం తప్పదంటున్నారు. మీరేమో పోయిన ఏడు ఇదే పేజీలో అనవసరంగా వద్దని రాశారు. మా చూడి మేకకు సూది వేయించనా?

జవాబు: అమ్మా, అప్పుడు రాసింది ఇక్కడివాళ్లకు. మీ పక్కవాళ్లు చెప్పేది మీ నేలకు నిజమే, మీ రాష్ట్రం మట్టిలో సెలీనియం తక్కువ. అయితే మొదట మేకల కోసం తయారైన, సెలీనియం కలిసిన మినరల్ ఎప్పుడూ అందుబాటులో పెట్టండి, వానకు తడవకుండా. చాలావరకు అదే సరిపోతుంది. సూది మందు మీ దేశంలో డాక్టరు చీటీ లేకుండా దొరకదు, అది మంచిదే. అక్కడ గొర్రెలకు వాడే ఆ మందు లేబుల్ మీదే, చూడి గొర్రెల్లో చావులు, గర్భస్రావాలు జరిగినట్టు ఫిర్యాదులు ఉన్నాయని హెచ్చరిక ఉంటుంది. ఆ లేబుల్ మీ డాక్టరుకు చూపించి, మంద రక్త పరీక్ష అయ్యాకే నిర్ణయం తీసుకోమనండి. నోట్లో పెట్టే సెలీనియం జెల్ కూడా దొరుకుతుంది, చీటీ అక్కర్లేదు, కానీ అదీ లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న: మా మేక పొద్దున ఈనింది, సాయంత్రానికి కూడా మాయ పడలేదు. సెలీనియం తక్కువైతే ఇలా అవుతుందంట కదా? గొర్రెలు కూడా ఉన్నాయి, మేకల మినరల్ వాటికీ పెట్టొచ్చా?

జవాబు: మాయ పడకపోవడానికి ఈ లోటు ఒక కారణమే, ఈసుకుపోవడం (గర్భస్రావం), కష్టపు కాన్పు, గర్భసంచిలో చీము, ఇలా ఇంకా ఉన్నాయి. 12 గంటలు దాటితే డాక్టరును పిలవండి. వేలాడే మాయను లాగకండి, రాయి కట్టకండి, ఇది ఇప్పటికీ కొన్ని ఊళ్లలో చేస్తున్నారు. ఇప్పుడు సెలీనియం వేసినా ఈ మాయ పడదు, వచ్చే ఈతకు మేత చూసుకోండి.

మేకల మినరల్ గొర్రెలకు పెట్టకండి. మేకకు కావాల్సినంత రాగి గొర్రెకు ఎక్కువ, అది కాలేయంలో పేరుకుని ఒకరోజు ఉన్నట్టుండి ఎర్రటి మూత్రంతో బయటపడుతుంది. రెండూ ఒకే దొడ్డిలో ఉంటే గొర్రెల మినరలే అందరికీ పెట్టండి, మేకలకు రాగి విషయం డాక్టరుతో విడిగా మాట్లాడండి.