హెచ్‌టీఎంఎల్ కోర్సుకి ఫీజు కట్టాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. వెబ్ డిజైనింగ్ నేర్చుకుంటానంటోంది. ముందు హెచ్‌టీఎంఎల్ కోర్సులో చేరమని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అంటున్నారు. ఫీజు కట్టమంటారా? - ఒక తండ్రి

జవాబు: హెచ్‌టీఎంఎల్ ఒక్కదానికే అయితే కట్టకండి. ఆ సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. నేర్చుకోవడానికి మాత్రం కాలేజీ ల్యాబ్‌లో ఒక కంప్యూటర్, అందులో నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉంటే చాలు. మొజిల్లా వాళ్ల ఎండీఎన్ సైట్‌లో పాఠాలు ఉచితం.

కోడింగ్ అనగానే మీ అమ్మాయి టెన్షన్ పడక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్‌లో లెక్కలు, లాజిక్ ఉండవు. పేజీలో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది జాబితా అని బ్రౌజర్‌కి చెప్పడమే పని. సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ దీన్ని తయారుచేసింది కూడా శాస్త్రవేత్తలు తమ పత్రాలు పంచుకోవడానికే.

ఆత్రేయపురం పూతరేకుల దుకాణానికి ఒక పేజీ చేయమనండి. ముందు కాగితం మీదే. దుకాణం పేరు పెద్ద శీర్షిక, అంటే హెచ్1. ‘మా రకాలు’, ‘ఆర్డర్ ఎలా ఇవ్వాలి’ అనేవి దాని కింది శీర్షికలు, అంటే హెచ్2. బెల్లంవి, పంచదారవి, డ్రైఫ్రూట్స్‌వి ఏ వరసలో ఉన్నా ఫర్వాలేదు కాబట్టి యూఎల్, అంటే అంకెలు లేని జాబితా. ఆర్డర్ ఇచ్చే పద్ధతికి వరస ముఖ్యం, అక్కడ ఓఎల్, అంటే 1, 2, 3 అని అంకెలు వేసే జాబితా. ధరలకు టేబుల్, బీకాం అమ్మాయికి అది నేను చెప్పాలా!

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఒకచోట ఉంది. అక్షరాలు లావుగా కనిపిస్తాయని మామూలు వాక్యానికీ శీర్షిక ట్యాగ్, అంటే ‘ఇది శీర్షిక’ అని బ్రౌజర్‌కి చెప్పే గుర్తు, పెట్టేస్తారు. సైజు, రంగు చూసుకోవాల్సింది సీఎస్ఎస్ అనే ఇంకో భాష. చూపు లేనివాళ్లు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ పేజీ చదువుతారు. అడ్డదిడ్డంగా పెడితే వాళ్లకి దారి తెలియదు. ఫొటోలో ఏముందో వాళ్లకి తెలియాలంటే ఫొటో ట్యాగ్‌లో ఆల్ట్ అనే చోట రాయాలి. పేజీ తెలుగులో కాబట్టి కోడ్‌లో పైన యూటీఎఫ్-8 (అక్షరాలను కంప్యూటర్‌లో దాచే పద్ధతి పేరు) అని చెప్పకపోతే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించొచ్చు.

నెలా రెండు నెలలు ఇలా చేశాక కూడా ఆసక్తి ఉంటే సీఎస్ఎస్, ఆపైన జావాస్క్రిప్ట్, అంటే బటన్ నొక్కితే పేజీ స్పందించేలా చేసే భాష. బీకాం మాత్రం మాననివ్వకండి. జావాస్క్రిప్ట్ దగ్గర చెప్పేవాళ్లు కావాలనిపిస్తే అప్పుడు ఫీజు సంగతి చూద్దురుగాని. కట్టే ముందు, ఆ ఇన్‌స్టిట్యూట్ పాత విద్యార్థులు చేసిన పేజీ చూపించమనండి. కంప్యూటర్‌లో కంట్రోల్, యూ కలిపి నొక్కితే దాని కోడ్ కనిపిస్తుంది. అది ఎలా ఉందో అప్పటికి మీ అమ్మాయే చెప్పగలదు.