ముప్పై మెయిళ్లు పెట్టినా ప్రొఫెసర్లు పలకట్లేదంటే

బీఎస్సీ రెండో ఏడాదిలో ఉన్నానని, వేసవిలో రీసెర్చ్ పని ఇమ్మని ముప్పై మెయిళ్లు పెట్టినా ఒక్క ప్రొఫెసరూ పలకలేదని అడిగారు. కారణం మీ మార్కులు కాదు, అందరికీ ఒకటే మెయిల్ వెళ్లడం. ‘మీ రీసెర్చ్ అంటే నాకు ఎంతో ఆసక్తి సర్’ అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. రెండో ఏడాదిలోనే మొదలుపెట్టడం మంచిదే.

1. మీరు మెయిల్ పెట్టబోయే ప్రొఫెసర్ ఈమధ్య రాసిన రీసెర్చ్ పేపర్ ఒకటి గూగుల్ స్కాలర్‌లో (రీసెర్చ్ పేపర్లు వెతికే గూగుల్ సైట్) తీయండి. డబ్బు కట్టమంటే కింద ‘ఆల్ వెర్షన్స్’ నొక్కి చూడండి, చాలాసార్లు ఉచిత కాపీ దొరుకుతుంది.

2. అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), గ్రాఫులు, ముగింపు చదవండి. సగమే అర్థమైనా ఫరవాలేదు.

3. అందరూ వదిలేసేది ఇదే: ఆ పేపర్ మీద ఒక్క ప్రశ్న రాయండి. ఉదాహరణకు, ‘మీరు బావినీళ్ల శాంపిళ్లు ఎండాకాలంలో తీశారు. వానల తర్వాత తీస్తే నైట్రేట్ ఎంత మారుతుంది?’ పెద్ద ప్రశ్న కానక్కర్లేదు, చదివితేనే పుట్టే ప్రశ్న అయితే చాలు. దాని కిందే మీరు చేయగల పని చెప్పండి: ‘పైథాన్‌లో డేటా సరిచేయగలను, మే, జూన్ ఖాళీ.’

4. మెయిల్ పది లైన్లు దాటొద్దు. జవాబు రాకపోతే వారం పది రోజుల తర్వాత ఒకే ఒక్కసారి గుర్తుచేయండి, అంతే.

5. ఈలోగా మీ కాలేజీలోనే పీహెచ్‌డీ చేసిన లెక్చరర్‌ని కలిసి చిన్న పని అడగండి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు టీచర్ సిఫారసు లేఖ కావాలి. దరఖాస్తులు ముందు ఏడాది చివర్లోనే ముగుస్తాయి, కాబట్టి ఆ పరిచయం ఇప్పుడే కావాలి.