నిరాహార దీక్ష కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. శిబిరం, నినాదాలు, గంటగంటకూ బీపీ చూసే డాక్టరు, అన్నీ కళ్లకు కట్టాయి. కానీ ఇరవయ్యో రోజున మీ నాయకుడు ఆకలికి కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడని రాశావు. అక్కడ నాకు కథ మీద నమ్మకం పోయింది. నీళ్లు తాగుతూ దీక్ష చేసేవాళ్లను ఆకలి బాగా పీడించేది మొదటి రెండు మూడు రోజులే. తరవాత చాలామందిలో అది తగ్గిపోతుంది. అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే.

తిండి మానేసిన ఒకటి రెండు రోజుల్లో కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న గ్లూకోజ్ నిల్వ దాదాపు అయిపోతుంది. మెదడు కొవ్వును నేరుగా వాడుకోలేదు, దానికి గ్లూకోజ్ కావాలి. అందుకని ఒళ్లు తన కండనే కరిగించి గ్లూకోజ్ చేసుకుంటుంది. అదే జోరున కరుగుతూ పోతే మనిషి ఎన్నో వారాలు నిలవడు. ఇక్కడ కాలేయం కొవ్వును మెదడు వాడుకోగలిగే కీటోన్లు అనే పదార్థాలుగా మార్చి ఆదుకుంటుంది. కొన్ని వారాలు గడిచేసరికి మెదడుకు కావలసిన శక్తిలో సగానికి పైగా వాటినుంచే వస్తుందని 1960లలో అమెరికా వైద్య పరిశోధకుడు జార్జ్ కాహిల్ బృందం కనిపెట్టింది. కండ కరగడం నెమ్మదిస్తుంది, కానీ ఆగదు. గుండె కూడా కండే కదమ్మా.

ఇదంతా పాఠంలా కథలో పెట్టమని కాదు. మాట వినపడక దగ్గరికి వంగిన భార్యకు అతని ఊపిరిలో నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన తగలాలి. అది కీటోన్ల వాసన. మిట్టమధ్యాహ్నం దుప్పటి అడగాలి. లేచి నిలబడితే కళ్లు తిరగాలి. మూడు నాలుగు వారాలయ్యాక, బి1 విటమిన్ నిల్వలు అడుగంటి, పేపర్లో ఒక్కో అక్షరం రెండుగా కనపడొచ్చు. వాంతులు మొదలై మంచినీళ్లు కూడా ఇమడకపోవచ్చు. అతను కళ్లు మూసుకుని "నువ్వే చదువు" అంటే చాలు, నువ్వు వాడిన విశేషణాలన్నీ కొట్టేయొచ్చు.

తొంభయ్యో రోజున అతని చేత గంట ఉపన్యాసం చెప్పించావు. లాహోర్ జైల్లో స్వాతంత్ర్య సమరయోధుడు జతిన్ దాస్ 63 రోజులకు చనిపోయాడు. 1981లో ఉత్తర ఐర్లండ్ జైల్లో దీక్ష చేసి ప్రాణాలు వదిలిన పదిమందీ 46 నుంచి 73 రోజుల మధ్య పోయారు. మన పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారింట్లో మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. పాఠ్యపుస్తకాల్లో ఆ 58 రోజులూ ఒక్క వాక్యంలో అయిపోతాయి. నాకు అది ఎప్పుడూ బాధే. ఒక్కో రోజూ ఆ ఒంట్లో ఏం జరిగి ఉంటుందో రాయడానికి నీలాంటివాళ్లు కావాలి.

చివర్లో దీక్ష విరమించగానే విస్తరి వేసి పులిహోర, బూరెలు పెట్టించావు. అది ప్రాణం తీసే భోజనం. అన్ని రోజుల తరవాత ఒక్కసారిగా పిండిపదార్థాలు పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విడుదలైన ఖైదీలు కొందరు కడుపునిండా తినే చనిపోయారు. కాబట్టి విస్తరి తీసెయ్. గ్లాసులో రసం కొంచెం కొంచెంగా పట్టించే డాక్టరునీ, ఇంకాస్త పెట్టమని ఆయనతో గొడవపడే తల్లినీ ఎదురెదురుగా నిలబెట్టు. ఆ సీను ముందు రాసి పంపు, మిగతాది తరవాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు