కొత్త పేటెంట్లన్నీ విలువ లేనివిగా కనిపించడం గురించి

పేటెంట్ల విలువ తేల్చడానికి మీరు వాటిని మొత్తం సైటేషన్ల (తర్వాతి పేటెంట్లు వాటిని ప్రస్తావించిన సార్లు) ప్రకారం వరుసగా పేర్చారు. ఆ జాబితాలో 2005 నాటి పేటెంట్లు పైకి, 2019 నాటివి అట్టడుగుకు చేరడానికి కారణం విలువ కాదు, వయసు. పాతవాటికి సైటేషన్లు పోగుపడడానికి 14 ఏళ్లు అదనంగా దొరికాయి.

1. ప్రతిదానికీ మంజూరైన తేదీ నుంచి మొదటి 5 ఏళ్లలో వచ్చిన సైటేషన్లనే లెక్కించండి. 5 ఏళ్లు నిండనివి పక్కన పెట్టండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఆ సంఖ్యను, అదే ఏడాది అదే సాంకేతిక వర్గంలో మంజూరైన పేటెంట్లకు మొదటి 5 ఏళ్లలో వచ్చిన సైటేషన్ల సగటుతో భాగించండి. సగటును మీ జాబితా నుంచి తీస్తే మొత్తం శ్రమ వృథా. పూర్తి డేటాబేస్ నుంచే తీయాలి. ఉదాహరణకు సాఫ్ట్‌వేర్‌లో 12 సైటేషన్లు, వర్గం సగటు 10 అనుకోండి: ఫలితం 1.2. యంత్ర పరికరాల్లో 6, సగటు 3 అయితే 2. రెండోదే మేలు. సైటేషన్లు ఒక్కటీ లేనివి కూడా సగటులో ఉండాలి.

3. అమెరికా పేటెంట్లయితే, పేటెంట్ కార్యాలయ పరిశీలకులు చేర్చిన (దరఖాస్తుదారు ఇవ్వని) సైటేషన్లకు 2001 నుంచి ప్రత్యేక గుర్తు ఉంటుంది. వాటిని వేరే కాలమ్‌లో ఉంచండి.

4. సొంత సైటేషన్లను, అంటే ఒక కంపెనీ తన పాత పేటెంట్లను తానే ప్రస్తావించినవాటిని, తొలగించాలన్న మీ ఆలోచన నాకు నచ్చలేదు. ఆర్థికవేత్తలు హాల్, జాఫే, ట్రాక్టెన్‌బర్గ్ 2005లో ప్రచురించిన పరిశోధనలో, కంపెనీ మార్కెట్ విలువతో వాటికే బలమైన సంబంధం కనిపించింది. విడిగా చూపండి, చాలు.