గాలికి చోటెక్కడ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గాలి తుపాకుల గురించే. పోయిన సంచికలో పాత వేట రైఫిళ్ళ ఫొటోలు వేసిన ఫలితం! అందుకే మిక్సీ మోటార్ల ప్రశ్నలు వచ్చే సంచికకు వాయిదా వేశాను.

ప్రశ్న: ఆ పాత రైఫిళ్ళ మీంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. అక్రోటు చెక్క, నల్లని ఉక్కు, సన్నని నడుము. ఇప్పటి గాలి రైఫిళ్ళలో చాలావరకు నల్ల ప్లాస్టిక్కే. మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. పాత రైఫిల్ రూపంలో గాలి రైఫిల్ డిజైన్ గీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: బాబూ, పెన్సిల్ పట్టగానే అందరూ బయటి ఆకారం గీస్తారు. మీరు ముందు గాలి ఎక్కడుంటుందో గీయండి. మందుగుండు తుపాకీకి కావలసిన శక్తంతా తూటాలోనే ఉంటుంది, దానికి పట్టే చోటు వేలెడు. గాలి తుపాకీకి ఆ సౌకర్యం లేదు. స్ప్రింగో, గాలి సిలిండరో, ఏదో ఒక లావుపాటి గొట్టాన్ని ఆ సన్నని ఒంట్లో ఎక్కడో సర్దాలి. ఎక్కడ సర్దారన్న దాన్ని బట్టే అది అందంగా వచ్చిందా, వేషం వేసినట్టుందా అన్నది తేలిపోతుంది.

ఈ చిక్కును గొప్పగా విప్పినవాడు బార్తలోమియో జిరాండోని అనే తుపాకుల పనివాడు. ఆయన చేసిన రైఫిల్‌ను 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. భుజానికి ఆనే బట్ భాగం అందులో చెక్క కాదు, గాలి నింపిన ఇనుప సీసా. పైన తోలు తొడుగు. బ్యారెల్ పక్కనే ఇరవై గుళ్ళు పట్టే గొట్టం. కుడివైపు చెకుముకి తుపాకీకి ఉన్నట్టే సుత్తి ఉంటుంది, కాకపోతే దానికి రాయి ఉండదు. ఆ సుత్తి అలంకారానికి పెట్టింది కాదు. దాన్ని వెనక్కి లాగితేనే లోపల వాల్వును తెరిచే యంత్రం సిద్ధమవుతుంది. నాకు నచ్చేది ఇదే: పాత తుపాకీలో ఉన్న ప్రతి భాగానికీ కొత్త పని దొరికింది. సీసా నింపడానికి చేతి పంపును 1500 సార్లదాకా కొట్టాల్సి వచ్చేదట, ఆ బాధ సైనికులది! 1803లో బయల్దేరిన లూయిస్, క్లార్క్‌ల అమెరికా యాత్రలో కూడా ఒక గాలి రైఫిల్ ఉంది. దారిలో కలిసిన తెగల వాళ్ళ ముందు పేల్చి చూపించేవారు. అది ఈ రకందేనని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం.

ఇక స్ప్రింగు రైఫిల్ సంగతి. ఇందులో స్ప్రింగు పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని నొక్కుతుంది, ఆ గాలే పెల్లెట్‌ను, అంటే చిన్న సీసపు గుండును, బయటికి తోస్తుంది. పిస్టన్ వ్యాసం సాధారణంగా 25 నుంచి 30 మి.మీ. ఉంటుంది. గొట్టం గోడ మందం కూడా కలుపుకుంటే, మౌజర్ 98 అనే పాత జర్మన్ రైఫిల్‌లో రిసీవర్ (బ్యారెల్ వెనక చివర బిగించే ఉక్కు భాగం) ముందు రింగుకు ఉండే దాదాపు 36 మి.మీ.కు దగ్గరగా వస్తుంది. కాబట్టి లావు గురించి టెన్షన్ పడకండి. అసలు ఇబ్బంది పొడవుతో. మౌజర్ రిసీవర్ జానెడు. స్ప్రింగు, పిస్టన్, ట్రిగ్గర్ వరసగా పేరిస్తే దానికి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. దాంతో చాలామంది బ్యారెల్‌ను అలాగే ఉంచి మొత్తం రైఫిల్‌ను సాగదీస్తారు. అది పట్టుకుంటే ముందుకు వాలిపోతుంది. మీరు బ్యారెల్ తగ్గించండి. స్ప్రింగు రైఫిల్‌లో పెల్లెట్ తన వేగంలో ఎక్కువ భాగం మొదటి పాతిక సెంటీమీటర్లలోనే అందుకుంటుంది. చూపుకు పొడవు కావాలంటే ముందు బోలు గొట్టం తొడగవచ్చు, అందులో మోసమేమీ లేదు.

బర్మింగ్‌హామ్‌లో బీఎస్ఏ కంపెనీ 1905లో, లింకన్ జెఫ్రీస్ డిజైన్ మీద తీసుకొచ్చిన రైఫిల్ ఫొటో ఒకటి సంపాదించి గోడకు అంటించుకోండి. బ్యారెల్ కదలదు. స్ప్రింగు ఎక్కించే లివర్ బ్యారెల్ కిందే దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఏ యుద్ధ తుపాకీకీ నకలు కాదు, అయినా పాత తుపాకుల పక్కన పెడితే పరాయిదిగా అనిపించదు.

ప్రశ్న: కౌబాయ్ సినిమాల్లో వేళ్ళు దూర్చి కిందికి లాగే లివర్ రైఫిల్ అంటే నాకు పిచ్చి. ఆ రూపంలో గాలి తుపాకులు ఉన్నాయా? బాగుంటాయా?
— సినిమా అభిమాని, కరీంనగర్

జవాబు: ఉన్నాయి. పిల్లలకు తెలిసింది డైసీ కంపెనీ రెడ్ రైడర్, 1940 నుంచి అమెరికా మార్కెట్లో ఉంది. ఆ కంపెనీ మొదట్లో మిషిగన్ రాష్ట్రం ప్లిమత్‌లో గాలిమరలు అమ్ముకునేది. గాలిమర కొన్న రైతుకు కానుకగా గాలి తుపాకీ ఇస్తే, జనం తుపాకీనే ఎక్కువ అడగడం మొదలుపెట్టారు. వ్యాపారం అటు తిరిగిపోయింది.

పెద్దవాళ్ళ కోసం వాల్తర్ లివర్ యాక్షన్ ఉంది. వించెస్టర్ 1894 అనే ఆ కౌబాయ్‌ల లివర్ రైఫిల్ రూపం. బొగ్గుపులుసు వాయువు సిలిండర్ బట్ లోపల దాక్కుంటుంది, చూశారా, మళ్ళీ జిరాండోని దారే! లివర్ లాగితే ఎనిమిది పెల్లెట్ల చక్రం ఒక గది తిరుగుతుంది. అసలు వించెస్టర్‌లో తూటాలు తోసే పక్క గేటును ఇందులో నొక్కితే ఆ చక్రం బయటికి వస్తుంది. ఇది చూసినప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది.

ముందే గాలి నింపుకునే రకాల్లో 200 బార్ ఒత్తిడి తట్టుకునే సిలిండర్ బ్యారెల్ కింద ఉంటుంది. వించెస్టర్‌కు కూడా అక్కడ తూటాల గొట్టం ఉంటుంది కాబట్టి కంటికి ఎబ్బెట్టుగా ఉండదు. కాకపోతే ఈ సిలిండర్ లావు. దాన్ని రైఫిల్ ముందు భాగపు చెక్కతో సగం పైగా కప్పేస్తే సరిపోతుంది. చెక్కను సన్నగా ఉంచి సిలిండర్‌ను బయటికి వదిలేసినవి నాకు అస్సలు నచ్చవు.

ప్రశ్న: నా దగ్గర లైసెన్సు అక్కర్లేని పాత గాలి రైఫిల్ ఉంది. చెక్క విరిగింది. కొత్త స్టాక్ నేనే చెక్కాలనుకుంటున్నాను. మన ఊళ్ళో దొరికే కలప ఏది పనికొస్తుంది? ఉక్కుకు పాత తుపాకుల నలుపు ఎలా వస్తుంది?
— వడ్రంగం నేర్చుకుంటున్న రిటైర్డ్ టీచర్, నంద్యాల

జవాబు: మాస్టారూ, కలప కన్నా ముందు ఆ విరిగిన ముక్క చూడండి. బాలానగర్ టూల్‌రూమ్‌లో పనిచేసే రోజుల్లో ఒకాయన ఇలాంటిదే తెచ్చాడు. సరిగ్గా బొటనవేలు చుట్టుకునే నడుము దగ్గర విరిగింది. విరిగిన చోటు మెట్లు మెట్లుగా లేకుండా, పలక చీల్చినట్టు నున్నగా ఉంది. అంటే చెక్క నార నడుము పొడవునా సాగకుండా ఏటవాలుగా అడ్డం పోయింది. అలాంటి చెక్క ఎంత ఖరీదైనదైనా ఆ సన్నని చోట నిలవదు. మీరు దిమ్మ మీద స్టాక్ ఆకారం గీసేటప్పుడు నడుము గీతలు నార వెంట పోయేలా తిప్పి గీయండి. బట్ దగ్గర నార ఎలా వంకరలు పోయినా పర్వాలేదు, అక్కడ వంకరే అందం.

కలపలో అక్రోటుకు సాటి లేదు. కశ్మీరుది దొరికితే తీసుకోండి. మన ఇరుగుడు, అదే రోజ్‌వుడ్, గట్టిది, రంగు అద్భుతం, కానీ బరువు. టేకు సులువుగా చెక్కొచ్చు. దానిలోనే నూనె ఉంటుంది కాబట్టి పైన పూసే నూనె సరిగ్గా ఇంకదు.

స్ప్రింగు రైఫిల్‌కు ఇంకో పేచీ ఉంది. పిస్టన్ ముందుకు దూకగానే తుపాకీ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగగానే ముందుకు లాగుతుంది. ఈ రెండు కుదుపులకూ స్క్రూలు వదులవుతాయి, స్క్రూ తల కింద చెక్క నలిగిపోతుంది. అక్కడ ఇత్తడివో ఉక్కువో చిన్న గిన్నెలు బిగించండి.

ఫినిషింగుకు వార్నిష్ వద్దు, మెరుపు చూసి మోసపోకండి. కాచిన అవిసె నూనె రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెక్క వేడెక్కేదాకా రుద్దండి. ఆరనివ్వండి, మళ్ళీ రుద్దండి. వారాలు పడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళలో తడిపి పరిచి ఆరబెట్టండి.

నలుపు గురించి: పాతవాళ్ళు ఉక్కుకు తుప్పు పట్టించేవారు! పల్చగా తుప్పు రానిచ్చి, మంచి నీళ్ళలో మరిగిస్తే ఎర్ర తుప్పు నల్లగా మారుతుంది. మెత్తని ఉక్కుపీచుతో పైపొడి రాల్చేసి మళ్ళీ మొదటికి. పొర మీద పొర పడ్డాక వచ్చే ఆ నీలినలుపు స్ప్రే డబ్బాతో రాదు. ముందు పాలిష్ చేసేటప్పుడు బఫింగ్ మిషన్ జోలికి పోవద్దు, అంచులన్నీ కరిగిపోతాయి. ఆకురాయి, చెక్కముక్కకు చుట్టిన ఎమరీ కాగితం చాలు. అంచు పదునుగా ఉంటేనే వెలుగు దాని మీద గీతలా నిలుస్తుంది. హైదరాబాద్ వస్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడండి, అంచులూ మలుపులూ ఎలా తీర్చారో గమనించండి.

ప్రశ్న: మా అబ్బాయి అచ్చం రైఫిల్‌లా ఉండే గాలి తుపాకీ కొనమంటున్నాడు. చట్టం ఒప్పుకుంటుందా?
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ., అంటే .177 క్యాలిబర్‌కూ, 20 జౌళ్ళ శక్తికీ లోబడి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. రెంటిలో ఏది దాటినా కావాలి. బిల్లు మీద ఆ రెండు అంకెలూ రాయించుకోండి. పిట్టల మీద పేలిస్తే 1972 వన్యప్రాణి చట్టం ఉంది. రూపం ఎంత అసలుదానిలా ఉంటే వీధిలో అంత ప్రమాదం, దూరం నుంచి చూసే పోలీసుకు తేడా తెలియదు. బయటికి తీసుకెళ్తే సంచిలో పెట్టే తీసుకెళ్ళాలి. రైఫిలు ఒక చోట, పెల్లెట్లు ఇంకో చోట పెట్టి తాళాలు వేయండి, చెవులు మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో గాలి రైఫిల్‌తో కాంస్యం గెలిచాడు. ఆ పోటీల్లో రైఫిళ్ళు అంత వికారంగా ఉంటాయెందుకు?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పది మీటర్ల దూరంలో వాళ్ళు కొట్టాల్సిన పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. చెంప ఆనే చోటు, భుజం పట్టు, చేతి పిడి, అన్నీ ఆ మనిషి ఒంటికి తగ్గట్టు జరుపుకోవాలి. అక్రోటు చెక్కతో చేసిన ఒకే దిమ్మ స్టాక్ అలా జరగదు. నాకైతే అవి వికారంగా అనిపించవు, గుంటూరు పాఠకుడు మన్నించాలి.